వెలుగుతో కట్టిన ఐదు శిఖరాలు: హంజీ మడతల తెర ప్రాజెక్టు డైరీ

కొరియాను ఏలిన జొసన్ వంశపు రాజులు (1392–1910) కొలువు తీరినప్పుడు వాళ్ల వెనక ఒక మడతల తెర నిలిపేవారు. పేరు ఇర్వొరొబొంగ్దొ. సూర్యుడు, చంద్రుడు, ఐదు శిఖరాల బొమ్మ అని అర్థం. నీలాకాశంలో మనకు ఎడమన తెల్లని చంద్రుడు, కుడిన ఎర్రని సూర్యుడు. నడుమ ఒక పెద్ద కొండ, అటూ ఇటూ రెండేసి చిన్న కొండలు. కొండల సందుల్లోంచి దూకే రెండు జలపాతాలు, రెండు అంచుల్లో ఎర్ర మానుల పైన్ చెట్లు, అడుగున చేప పొలుసుల్లా పేర్చిన అలలు. 10,000 వాన్ నోటు మీద సెజోంగ్ రాజు వెనక కనిపించేది ఇదే. సియోల్‌లో గ్యొంగ్‌బొక్‌గుంగ్, ఛాంగ్‌డొక్‌గుంగ్ కోటల కొలువు మండపాల్లో సింహాసనం వెనక ఇప్పటికీ చూడొచ్చు.

ఈ బొమ్మను ఎనిమిది పలకల హంజీ (కొరియా సంప్రదాయ కాగితం) తెర మీద గీతలు సిరాతో, రంగులు వెలుగుతో మళ్లీ కడుతున్నాం. పని దక్షిణ కొరియాలోని గ్వాంగ్జూలో జరుగుతోంది. 2014 నుంచి యునెస్కో మీడియా కళల నగరాల జాబితాలో ఉన్న ఊరు కాబట్టి ప్రొజెక్టర్లకు, వాటిని బిగించే మనుషులకు కొదవ లేదు. మంచి హంజీ దొరికే జొంజూ కూడా దగ్గరే.

1వ వారం: ఏది కదలాలి

మొదట ఫొటో హక్కులు చూసుకున్నాం. కొరియా ప్రభుత్వ మ్యూజియంల బొమ్మల మీద ‘గొంగ్‌గొంగ్‌నూరి’ అనే వాడుక హక్కుల గుర్తు ఉంటుంది, మాకు ఎదురైనవి నాలుగు రకాలు. 1వ రకానికి ఎక్కడిదో చెబితే చాలు. 2వ రకాన్ని వ్యాపారానికి వాడకూడదు. 3వ రకంలో మార్పులు చేయకూడదు. 4వ రకానికి ఈ రెండు నిషేధాలూ ఉంటాయి. బొమ్మను కదిలించడం కూడా మార్పు కిందికే వస్తుంది కనుక 3, 4 రకాలను మొదటి రోజే పక్కన పెట్టాం. ఒకే మ్యూజియంలో రెండు తెరలకు రెండు వేర్వేరు గుర్తులు ఉండొచ్చు, అందుకని ప్రతి ఫైలుకూ విడిగా చూసుకోవాలి.

తర్వాత అసలు ప్రశ్న. డిజిటల్ పనిలో చేయి ముందు వెళ్లేది సూర్యోదయం మీదికి: సూర్యుణ్ణి లేపుదాం, చంద్రుణ్ణి దించుదాం, పగలూ రాత్రీ చేద్దాం. ఈ బొమ్మకు అది సరిపడదు. సూర్యచంద్రులు ఒకేసారి, ఒకే ఎత్తున, ఎప్పటికీ అస్తమించకుండా ఉండడమే ఇందులోని విషయం. ఇక్కడ కాలం గడవదు, లోకం తన క్రమంలో నిలిచి ఉంటుంది. అందుకే సూర్యచంద్రులు, కొండలు, చెట్లు కదలవు. చిత్రకారులే కదులుతున్నట్టు గీసిన జలపాతాలు, అలలు, నురగ మాత్రం కదులుతాయి.

రెండో నిర్ణయం దీనికంటే పెద్దది. ఈ తెర తనంతట తాను పూర్తి బొమ్మ కాదు. ఆకాశానికీ భూమికీ నడుమ మనిషి, అంటే రాజు, వచ్చి కూర్చుంటేనే అది పూర్తవుతుంది. ఇంటరాక్టివ్ పనుల్లో సాధారణంగా మనిషి రాగానే బొమ్మ ఎగిరి గంతులేస్తుంది. ఇక్కడ తలకిందులు చేశాం. ఎవరూ లేనప్పుడు నీళ్లు కదులుతుంటాయి, తెర ముందున్న ఆసనం మీద ఎవరైనా కూర్చుంటే నెమ్మదిగా అన్నీ నిలుస్తాయి. కూర్చున్నవాళ్ల వీపు తెరకు ఉంటుంది కాబట్టి ఆ మార్పు వాళ్లకు కనిపించదు, ఎదురుగా నిలబడ్డవాళ్లకే కనిపిస్తుంది. రాజు విషయంలోనూ అంతే కదా.

2, 3 వారాలు: చట్రం, కాగితం

మనిషి తెర ముందు కూర్చుంటాడు కాబట్టి ముందు నుంచి ప్రొజెక్ట్ చేస్తే నీడ పడుతుంది. వెనక నుంచే వేయాలి. ఈ ఒక్క కారణంతో చట్రం మొత్తం మారిపోయింది.

పాత పద్ధతి మడతల తెరలో ప్రతి పలక లోపల చెక్క జాలీ ఉంటుంది, దాని మీద కాగితం పొరలు పొరలుగా అతికిస్తారు. ఛాంగ్‌డొక్‌గుంగ్‌లోని ఇంజొంగ్‌జొన్ తెరను ఈ మధ్య విప్పి బాగు చేసినప్పుడు లోపలి పొరల్లో 1840 నాటి పరీక్షలో తప్పినవాళ్ల జవాబు పత్రాలు 27 బయటపడ్డాయి. కాగితం అంత విలువైనది, వృథా చేసేవారు కాదు. వెనక నుంచి వెలుగు వేస్తే ఆ జాలీ నీడ, పొరల అతుకులు అన్నీ కనబడతాయి. కాబట్టి జాలీ తీసేయాల్సిందే, కాగితం పొరలు రెండుకు మించకూడదు.

పలక కొలత 45 × 120 సెం.మీ. ఎనిమిది పలకలు పరిస్తే 360 సెం.మీ. ఒక్కో పలకను 15 డిగ్రీలు తిప్పి జిగ్‌జాగ్‌గా నిలిపితే వెడల్పు 348 సెం.మీ.కు తగ్గుతుంది, మడతల లోతు దాదాపు 12 సెం.మీ. వస్తుంది. నిలువు కర్రలు పైన్ చెక్క, ముఖం 12 మి.మీ., లోతు 30 మి.మీ.

హంజీని డక్ చెట్టు (మల్బరీ కుటుంబం) బెరడు నారతో చేస్తారు. రెండు పొరల షీటు తీసుకున్నాం. ఒక పొరైతే ప్రొజెక్టర్ లెన్స్ తెల్లని చుక్కలా కళ్లలో పడుతుంది, మూడైతే వెలుగు చాలదు. బిగించే పద్ధతి ఇది: షీటు వెనక వైపు సన్నగా నీళ్లు చల్లాలి. అంచుకు మాత్రమే, 10 మి.మీ. మేర, గోధుమ పిండి గంజి రాసి చట్రానికి అతికించాలి. నీడలో ఆరనివ్వాలి. ఆరేకొద్దీ డప్పు చర్మంలా బిగుస్తుంది.

ఆ బిగువే మొదటి దెబ్బ కొట్టింది. జాలీ లేని సన్న కర్రలు ఆరేసరికి మధ్యలో 4 మి.మీ. లోపలికి వంగాయి. లావు కర్ర పెడితే మడత దగ్గర నల్లని పట్టీ పెరుగుతుంది. పారదర్శకమైన 3 మి.మీ. యాక్రిలిక్ షీటును చట్రం లోపల దిగ్గొట్టడంతో సమస్య తీరింది. వంపును అదే ఆపుతుంది, దాని గుండా దాదాపు 92 శాతం వెలుగు వస్తుంది. పలకకు 2 కిలోల బరువు మాత్రం పెరిగింది. కాగితానికీ దానికీ మధ్య 10 మి.మీ. ఖాళీ తప్పనిసరి, తగిలినచోట తడి మరకలా కనిపిస్తుంది.

కీళ్లకు ఇనుప కబ్జాలు వద్దు. వాటితో పలకల మధ్య 3 మి.మీ. సందు మిగులుతుంది, అందులోంచి ప్రొజెక్టర్ వెలుగు కత్తిలా వస్తుంది. పాతకాలంలోలా కాగితపు పట్టీలతోనే కీలు వేశాం. రెండు వైపులా మడుస్తుంది, సందూ ఉండదు.

4వ వారం: ప్రొజెక్టర్లు

1920 × 1200 ప్రొజెక్టర్లు రెండు, నాలుగు పలకలకు ఒకటి. రెండింటి బొమ్మలనూ నడుమ కలిపి కరిగించే పద్ధతి ఇక్కడ పనికిరాదు. 4వ, 5వ పలకలు వేర్వేరు వైపులకు తిరిగి ఉంటాయి, కలిసేచోట ఎంత సర్దినా గీత రెండుగా కనిపిస్తుంది. నడిమి మడత దగ్గర బొమ్మను నిక్కచ్చిగా కోసేశాం. ఆ కోత పెద్ద శిఖరం మధ్యగా పోతుంది. మడత ఎలాగూ ఉన్నచోటే కోత ఉంది కాబట్టి కన్ను పట్టదు, కింది సగం కూర్చున్న మనిషి వెనక దాగిపోతుంది.

దగ్గర నుంచే పెద్ద బొమ్మ వేసే షార్ట్ త్రో ప్రొజెక్టర్‌తో మీటరు దూరం నుంచి వేసి చూశాం. చివరి పలకల మీద వెలుగు బాగా ఏటవాలుగా, పక్క పలక మీద తక్కువ ఏటవాలుగా పడింది. ఒకటి మసకగా, ఒకటి తెల్లగా, తెరంతా చారలు. త్రో రేషియో (దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.2 ఉన్నదాన్ని 2.34 మీటర్ల వెనక పెడితే ఆ ఏటవాలు బాగా తగ్గింది. మిగిలిన తేడాను పలకకో బ్రైట్‌నెస్ విలువ ఇచ్చి సరిచేశాం. లెన్స్‌ను నేల నుంచి 2 మీటర్ల ఎత్తున బిగించాం. 2.5 మీటర్ల దూరంలో నిలబడిన పిల్లల కంటికి కూడా లెన్స్‌కు వెళ్లే గీత తెర పై అంచును దాటి పోవాలి, అప్పుడే తెల్లచుక్క కనబడదు. లెన్స్ షిఫ్ట్‌తో (ప్రొజెక్టర్‌ను వంచకుండా లెన్స్‌నే జరిపి) బొమ్మను సాధ్యమైనంత దించి, మిగతాదానికి ప్రొజెక్టర్‌ను వంచి, ఎనిమిది పలకలకూ విడివిడిగా కార్నర్ పిన్ చేశాం, అంటే బొమ్మ నాలుగు మూలలనూ పలక మూలలకు సర్దాం.

ఒక హెచ్చరిక. వెనక నుంచి వేసేటప్పుడు బొమ్మను అద్దంలోలా తిప్పాలి. మామూలు బొమ్మలో మరిచిపోతే వెంటనే తెలుస్తుంది. ఈ బొమ్మ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి కొండలు, చెట్లు, నీళ్లు చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, సూర్యచంద్రులు మాత్రం తారుమారవుతారు. రాజు దక్షిణానికి తిరిగి కూర్చుంటాడు, అతని ఎడమ చేతి వైపు తూర్పు. సూర్యుడు అటే ఉండాలి, అంటే చూసేవాళ్లకు కుడిన. ఇది తప్పితే మిగతా పనంతా తప్పినట్టే. ప్రొజెక్టర్ రీసెట్ అయినప్పుడల్లా మొదట చూడాల్సింది ఇదే.

5వ వారం: సిరా

ప్రొజెక్టర్ నలుపు అసలు నలుపు కాదు, బూడిద రంగు. కొండల అంచు గీతలను వెలుగుతో గీస్తే తేలిపోతాయి. పైగా మా కొలతలో ఒక పిక్సెల్ దాదాపు ఒక మిల్లీమీటరు, హంజీ నారలో అది ఇంకా చెదురుతుంది. అందుకే గీతలన్నీ కడ్డీ సిరా అరగదీసి కుంచెతో కాగితం మీదే వేశాం.

ముందు కాగితానికి సైజింగ్ (సిరా పీల్చుకోకుండా వేసే పూత) కావాలి, లేకపోతే సిరా పాకుతుంది. కొరియా చిత్రకారులు దీనికి ‘గ్యొబన్సు’ వాడతారు. జంతు చర్మం నుంచి తీసిన జిగురు, పటిక కలిపిన నీళ్లు అవి. మా పాళ్లు లీటరు నీటికి 20 గ్రాముల జిగురు, 6 గ్రాముల పటిక. జిగురు రాత్రంతా నానాలి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి 60 డిగ్రీలు దాటకుండా కరగాలి. మరిగితే అంటుకునే గుణం పోతుంది. చల్లారాక పటిక. ఒక షీటుకు పటిక రెట్టింపు పడింది. ముందు నుంచి చూస్తే తేడా లేదు, వెనక వెలుగు వేయగానే పటిక పలుకులు ఇసుకలా మెరిశాయి. ఎక్కువ పటికతో కాగితం కొన్నేళ్లకు పెళుసెక్కుతుంది కూడా. ఆ షీటు తీసేశాం.

గీతల నమూనాను అవే ప్రొజెక్టర్లతో వెనక నుంచి వేసి, దాని మీద కుంచె నడిపాం. రంగు, గీత తర్వాత కలవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. గీసేటప్పుడు మాత్రం యాక్రిలిక్‌ను ముందుకు జరిపి కాగితానికి ఆనించాలి, లేకపోతే కుంచె కింద కాగితం ఊగుతుంది. పలకలు నిలువునే ఉంటాయి కాబట్టి కుంచెలో సిరా తక్కువ ఉండాలి.

సగం బొమ్మ గీసి, రెండో సగాన్ని తిప్పి కాపీ చేద్దామనే ఆశ వద్దు. చేసి చూస్తే గోడ కాగితంలా ఉంది. పాత తెరల్లో ఎడమ పైన్ చెట్టు కొమ్మ, కుడి చెట్టు కొమ్మ ఎప్పుడూ అచ్చుగుద్దినట్టు ఒకటి కావు. ఆ కొద్ది తేడాలోనే ప్రాణం ఉంది.

6, 7 వారాలు: రంగు, దాని పక్కన అసలు రంగు

ప్రతి మడత దగ్గర రెండు కర్రలు కలిసి 24 మి.మీ. పట్టీ మిగిలింది. దాని వెనక వెలుగు రాదు. నల్లగా వదిలేస్తే బొమ్మ ఎనిమిది ముక్కలవుతుంది. ఆ ఏడు పట్టీల మీద బొమ్మను అసలు ఖనిజ రంగులతో కొనసాగించాం. నీలానికి అజురైట్, పచ్చకు మాలకైట్ (రెండూ రాగి ఖనిజాలే), ఎరుపుకు ఇంగిలీకం, తెలుపుకు ‘హొబున్’ అనే గుల్లల పొడి. చేర్యాల నకాషీ పటాల్లోనూ ఎరుపు ఇంగిలీకమే, తెలుపు గుల్లల పొడే. ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది, ఆరాక గీకడం, రుద్దడం చేయకూడదు. పట్టీలు కనిపించడానికి ముందు నుంచి చాలా మందమైన ఎల్‌ఈడీ వెలుగు, 20 లక్స్.

ఇవి పూసి ప్రొజెక్టర్ వేసిన రోజు మా డిజిటల్ రంగుల బండారం బయటపడింది. అసలు అజురైట్ పక్కన మా నీలం ప్లాస్టిక్ బకెట్‌లా ఉంది. కారణాలు మూడు. ఒకటి, పూర్తి నీలం (ఎరుపు, పచ్చ, నీలం వరుసలో 0, 0, 255; గరిష్ఠం 255) లాంటి రంగు ఏ రాయిలోనూ లేదు. 36, 78, 122 దగ్గరికి దించాం. రెండు, హంజీ సహజంగా దంతపు రంగు, దాని గుండా వచ్చే నీలం మరింత మట్టిగా మారుతుంది. ప్రొజెక్టర్‌లో నీలం వెలుగు పాలు (గెయిన్) 8 శాతం పెంచాం. మూడోది ముఖ్యం: రాతి రంగులో పలుకు ఉంటుంది. అజురైట్‌ను ముతకగా నూరితే ముదురు, మెత్తగా నూరితే లేత. ఆ పలుకులు ఒక్కో కోణంలో ఒక్కోలా వెలుగుతాయి. చదునైన డిజిటల్ రంగులో అది లేదు. 2–3 పిక్సెళ్ల పలుకుతో, వెలుగులో 6 శాతం అటూ ఇటూ తేడా ఉన్న టెక్స్‌చర్ కలిపాం. ఆ పలుకు కదలకూడదు. కదిలితే పాత టీవీలో చుక్కల వాన.

చంద్రుడి సంగతి వేరు. రంగుల లోకంలో తెలుపు కూడా ఒక రంగే, ఎరుపుతో సమానంగా నిలుస్తుంది. వెలుగు లోకంలో తెలుపు అంటే అన్నిటికంటే ఎక్కువ వెలుగు. సూర్యుడికి 190, 60, 45 ఇచ్చి చంద్రుడికి పూర్తి తెలుపు ఇస్తే చంద్రుడు 7 రెట్లు ఎక్కువ వెలిగి సూర్యుణ్ణి మింగేశాడు. 160 బూడిదకు దించితే రెండున్నర రెట్లకు తగ్గింది, చుట్టూ నీలం ఉండడంతో కంటికి ఇంకా తెల్లగానే కనిపిస్తోంది.

8, 9 వారాలు: నీళ్లు

నీటిని ఫ్లూయిడ్ సిమ్యులేషన్‌తో (నిజం నీటి కదలికను కంప్యూటర్ లెక్కగట్టే పద్ధతి) చేసి రెండు రోజుల్లో వదిలేశాం. గీసిన కొండల కింద నిజం నీళ్లు పారుతుంటే రెండూ ఒకదాన్నొకటి అబద్ధం చేస్తాయి. అలలను 72 పొలుసులుగా విడదీసి, ఒక్కోటి 6 పిక్సెళ్లు మాత్రమే లేచి దిగేలా, పక్కదానికంటే కాస్త ఆలస్యంగా కదిలేలా పెట్టాం. జలపాతం గీతలు సెకనుకు 40 పిక్సెళ్లు. అంతకు మించితే స్క్రీన్ సేవర్.

కదలిక తిరిగి మొదటికి రావడానికి అలలకు 7 సెకన్లు, నురగకు 11, జలపాతాలకు 13. మూడూ మళ్లీ ఒకేచోట కలవడానికి 1001 సెకన్లు, అంటే 16 నిమిషాల 41 సెకన్లు పడుతుంది. అదే మొత్తం లూప్.

కదలికలు నడిపే టచ్‌డిజైనర్ సాఫ్ట్‌వేర్‌లో మొదలైనప్పటి నుంచి లెక్కపెట్టే టైమ్‌ను నేరుగా షేడర్‌కు (బొమ్మను గీసే చిన్న ప్రోగ్రామ్) పంపితే మూడో రోజుకు నీళ్లు కుదుపుతో కదలడం మొదలైంది. షేడర్ వాడే 32 బిట్ ఫ్లోట్ అంకెల్లో రెండున్నర లక్షల సెకన్ల దగ్గర కనీస తేడా సెకనులో 64వ వంతు, దాదాపు ఒక ఫ్రేమ్ అంత. టైమ్‌ను 1001తో మాడ్యులో చేసి, అంటే భాగించగా మిగిలిన శేషాన్నే పంపితే కుదుపు పోయింది.

10వ వారం: ఆసనం

కెమెరా వద్దనుకున్నాం. కెమెరా దారిన పోయేవాళ్లందర్నీ చూస్తుంది, మాకు కావాల్సింది నడిమి గీత మీద కూర్చున్న మనిషి ఒక్కరే. తెరకు మీటరు ముందు నేల మీద ఆసనం, దాని కింద పలక, నాలుగు మూలలా 50 కిలోల లోడ్ సెల్స్ (బరువు కొలిచే సెన్సర్లు), వాటిని చదివే హెచ్‌ఎక్స్711 బోర్డు, ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, యూఎస్‌బీ వైరు. 12 కిలోలు దాటితే ‘కూర్చున్నారు’. 8 కిలోల కంటే తగ్గి 2 సెకన్లు గడిస్తే ‘లేచారు’. రెండు వేర్వేరు అంకెలు లేకపోతే పిల్లలు కదిలినప్పుడల్లా నీళ్లు ఆగి కదులుతుంటాయి.

ఆగడానికి 8 సెకన్లు ఇచ్చాం. ఒక సెకనులో ఆపితే కంప్యూటర్ హ్యాంగ్ అయిందనుకుంటారు. 8 ఇచ్చినా చెడిపోయిందా అని అడిగినవాళ్లున్నారు, అందుకని నిలిచిన క్షణంలో చంద్రుడు 160 నుంచి 172కు, సూర్యుడు అదే పాళ్లలో, పెరిగేలా చేశాం. అంతకు మించి ఏమీ లేదు, ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

కొరియా గదుల్లో నేల కింద వేడి చేసే ఓండొల్ ఉంటుంది. వేసవిలో ఆపేస్తారు, కానీ చలికాలం ప్రదర్శన కోసం ఒక రోజు కావాలనే వేసి చూశాం. లోడ్ సెల్స్ వేడెక్కి రెండు గంటల్లో సున్నా 3 కిలోలు జరిగింది. పలక కింద కార్క్ షీటు వేశాం, 60 సెకన్ల పాటు ఎవరూ లేకపోతే సున్నా మళ్లీ తీసుకునేలా కోడ్ మార్చాం.

11వ వారం: జాంగ్మా

జూన్ చివర్లో జాంగ్మా, అంటే కొరియా వానాకాలపు ముసురు, దిగింది. గదిలో తేమ 80 శాతానికి చేరగానే హంజీ వదులై పలకల మధ్యలో 3–4 మి.మీ. కుంగింది. సిరా గీతకూ వెలుగు రంగుకూ 2 మి.మీ. తేడా వచ్చింది. కొండ పచ్చ రంగు అంచు దాటి ఆకాశంలోకి కారినట్టు కనిపించింది. రెండు పనులు చేశాం. తేమను 50 శాతం దగ్గర నిలిపే యంత్రం పెట్టాం. రంగు గీతను తాకకుండా 4 మి.మీ. ముందే మెత్తగా ఆగిపోయేలా మాస్కులన్నీ (రంగు ఎక్కడి వరకు పడాలో చెప్పే హద్దులు) మార్చాం. ఇప్పుడు గీత పక్కన ఖాళీ హంజీ సన్నగా మెరుస్తోంది. ముందే ఇలా చేయాల్సింది.

12వ వారం: మిగిలినవి

వీడియో కళకు ఆద్యుడైన కొరియా కళాకారుడు నామ్ జూన్ పైక్ 1988లో 1003 టీవీలతో కట్టిన ‘దదాయిక్‌సొన్’ 2018లో ఆగి 2022లో మళ్లీ వెలిగింది. 737 పాత ట్యూబ్ టీవీలను బాగుచేసో, అలాంటివే వెతికి తెచ్చో పెట్టారు, 266 చోట్ల ఫ్లాట్ తెరలు అమర్చారు. మా రెండు ప్రొజెక్టర్లూ ఏదో ఒక రోజు పోతాయి. అందుకే పలకకో ఫోల్డర్, అందులో లేయర్లు విడివిడి పీఎన్‌జీలుగా, రంగు విలువలు, కదలిక అంకెలు మామూలు టెక్స్ట్ ఫైలులో రాసిపెడుతున్నాం. ప్రతి పట్టీ మీది రాతి రంగునూ ఫొటో తీసి, పక్కన కలర్ చార్ట్‌తో జత చేశాం. కొత్త ప్రొజెక్టర్ తెచ్చినవాళ్లు తమ నీలాన్ని ఆ పట్టీతో సరిచూసుకోవాలి, మా అంకెలతో కాదు.

3వ పలక కాగితం వానల్లో అంచు దగ్గర ఊడింది, గంజి పలచన. కొత్త షీటు సైజింగ్ అయి ఆరుతోంది. ఎల్లుండి బిగించాలి, ఆ మర్నాడు దాని మీద ఎడమ జలపాతం గీతలు.